మెట్ల కింద వెలిగిన బల్బు

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒక్కటే: బిల్లు వచ్చిన రోజు నాన్న ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపుకుంటూ తిరుగుతాడని. ఇంతటి పరిజ్ఞానంతో నేను ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరాను. ఎందుకు చేరావని ఇప్పటికీ అడుగుతుంటారు. బీకాంలో అకౌంట్స్ పేపరు తప్పి, ఇంటికి వెళ్ళే ధైర్యం లేక సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మా సందు చివర నిలబడి ఉండగా, ఎదురుగా శిక్షణ కేంద్రం గోడ మీద 'అమ్మాయిలు కూడా చేరవచ్చు' అని రాసి ఉంది. చేరాను. (గొప్ప ఆశయం ఏదైనా చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ జరిగింది ఇదే.) మా ఇంట్లో అందరూ టీచర్లు. నాన్న లెక్కల టీచరు, ఆయన అక్కయ్య, అంటే మా అత్తయ్య, హెడ్మిస్ట్రెస్, ఒంగోలు వైపు నుంచి సికింద్రాబాద్ వచ్చి స్థిరపడ్డ తాతయ్య మిషన్ బడిలో పంతులు. చాక్‌పీసు తప్ప మరోటి పట్టుకోని ఆ చేతుల మధ్య నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే, అందరూ నా వంక జ్వరం వచ్చినదాన్ని చూసినట్టు చూశారు.

శిక్షణ కేంద్రంలో మొదటి నెలలన్నీ అయోమయంలోనే గడిచాయి. ఫేజు, న్యూట్రల్, ఎర్తు అని మూడు తీగలుంటాయన్నారు. మొదటిదాన్ని ముట్టుకుంటే షాక్ కొడుతుంది, రెండోదాన్ని ముట్టుకుంటే కొట్టకూడదు, మూడోది మన క్షేమం కోరి భూమిలోకి పోయి కూర్చుంటుంది. కొట్టకూడనిది ఒకవేళ కొడితే ఎలా అని నేను అడిగాను. మా సార్ నవ్వి, "అది నీకే తెలుస్తది బిడ్డా, జెర ఓపిక పట్టు," అన్నారు. ఆ వారంలోనే తెలిసింది.

మా సార్‌ను అందరం చాటుగా 'బల్బు సార్' అనేవాళ్ళం. దానికి కారణం ఉంది. కొత్తగా ఏ వైరింగు చేసినా దానికి తిన్నగా కరెంటు ఇవ్వడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. దారిలో ఒక పాతకాలపు నూరు వాట్ల బల్బు పెట్టి, కరెంటును దాని గుండా పంపించేవారు. లోపల ఎక్కడైనా తీగకు తీగ తగిలితే ఫ్యూజు పేలదు, ఆ బల్బు భగ్గున వెలిగి చెబుతుంది. దాన్నే సిరీస్ బల్బు అంటారు. దుకాణాల్లో అలాంటి బల్బులు కనబడటం మానేసినా, సార్ బీరువాలో మాత్రం పాత బట్టల్లో చుట్టి దాచిపెట్టినవి ఉండేవి. మా బెంచీ పైన అలాంటి బల్బొకటి శాశ్వతంగా వేలాడుతుండేది. మేం ఏ బోర్డు కట్టినా కరెంటు దాని గుండానే వచ్చేది. చూసి చూసి, మీటరులాగా ఫ్యూజులాగా అది కూడా వైరింగులో ఒక భాగమేనని నాకు స్థిరపడిపోయింది. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయాలని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. పని అవగానే మా బోర్డులే విప్పేసేవాళ్ళం, వాటి కింద ఎవరూ కాపురం పెట్టేవాళ్ళు కాదు కదా!

ఇలా ఉండగా అత్తయ్య యాప్రాల్‌లోని తన ఇంటి మీద పైవాటా వేసింది. డిసెంబరులో ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంది. గోడల్లో పైపులు, తీగలు మేస్త్రీ మనుషులు వేసేశారు. బోర్డులు, లైట్లు, ఫ్యాన్లు బిగించే పని మిగిలింది. ఒక సాయంత్రం అత్తయ్య మా ఇంటికి వచ్చి, టీ కూడా తాగకుండా నన్ను ఎదురుగా నిలబెట్టింది. (అత్తయ్య ఇంట్లోనైనా సరే, మనుషుల్ని నిలబెట్టే మాట్లాడుతుంది.)

"చూడమ్మా, ఆ పని నీకే ఇస్తున్నాను. ప్రార్థన రోజు వెలగాల్సినవి వెలిగి, తిరగాల్సినవి తిరిగాయా, నీ నిచ్చెన నువ్వెక్కు, నేను అడ్డం రాను. తేడా వచ్చిందా, సోమవారం నుంచి మా స్కూల్ ఆఫీసులో కూర్చుంటావు. కరస్పాండెంట్‌గారితో మాట్లాడేశాను. సరేనా?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న గోడ గడియారం వైపు చూశాడు. "అక్క చెప్పిందిగా," అన్నాడు. అక్కయ్య మాటకు నాన్న ఎదురు చెప్పడం నేను పుట్టాక జరగలేదు, అంతకుముందూ జరిగి ఉండదు.

పని చేశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. ముందురోజు సార్ బండి మీద వచ్చి, ప్రతి జాయింటూ లాగి చూసి, "మంచిగనే చేసినవ్ బిడ్డా. సిరీస్‌ల వెట్టి చూస్కో, పరేషాన్ గాకు," అని తన నిధిలోంచి ఒక బల్బు, హోల్డరు నా చేతిలో పెట్టి, ఎవరిదో పెళ్ళికని ఊరికి వెళ్ళిపోయారు. పైవాటాకు వెళ్ళే కరెంటు మీటరు కింది వాటాలో మెట్ల కింద ఉంది. దాని పక్కనే బల్బును వేలాడదీసి సప్లై ఇచ్చాను. పైన ఎల్ఈడీ లైట్లన్నీ చక్కగా వెలిగాయి. కింద బల్బు తీగ కొద్దిగా ఎర్రబడి ఊరుకుంది. షార్టు లేదు! నిచ్చెన మడిచి, చేతులు కడుక్కుని, నాకు నేనే మనసులో సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. చలికాలం కాబట్టి ఫ్యాన్లు వేసి చూడాలన్న ఊహే రాలేదు.

ప్రార్థన సాయంత్రం తిరుమలగిరి నుంచి, కార్ఖానా నుంచి చుట్టాలూ సంఘంవాళ్ళూ వచ్చారు. హాల్లో కొత్త పెయింటు వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. "ఫ్యాన్లు వేయండమ్మా," అన్నారు పాస్టరు అయ్యగారు. వేశారు. రెండు ఫ్యాన్లూ, ఇష్టం లేని పనికి లేచినవాళ్ళలాగా, మెల్లిగా ఒక చుట్టు తిరిగాయి. ఇంకాసేపటికి ఇంకో చుట్టు. రెగ్యులేటర్లు చివరిదాకా తిప్పారు. అదే నడక. ఒక ఫ్యాను ఆపితే రెండోది కాస్త హుషారైంది. మొదటిది వేయగానే రెండోది మళ్ళీ నీరసపడింది. ఆర్మీ క్యాంటీన్‌లో చేసి రిటైరైన మామయ్య, "లో ఓల్టేజ్. ఈ ఏరియా అంతా ఇంతే," అని తేల్చేశాడు. కిటికీలోంచి చూస్తే పక్కింటి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "వాళ్ళది వేరే ఫేజేమో," అన్నాడు కానీ, ఆ మాట అంటూ నా వైపు చూశాడు.

టెస్టరు పట్టుకుని బోర్డు బోర్డుకూ తిరిగాను. ఎక్కడ పెట్టినా టెస్టరు వెలిగింది. కరెంటు ఉంది. ఉండి కూడా పని చేయడం లేదు. ఇలాంటి కరెంటు గురించి మా పుస్తకంలో లేదు. మూతలు విప్పాను, చూశాను, బిగించాను. ఏం చూస్తున్నానో నాకే తెలియకుండా చూశాను. సార్‌కు ఫోను చేస్తే స్విచాఫ్. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. స్కూల్ ఆఫీసు, రిజిస్టర్లు, నా ముందు వరుస కట్టిన పిల్లల తల్లిదండ్రులు, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే నాన్న కింద నుంచి పైకి వస్తూ, మెట్ల కింద వెలుగుతున్న బల్బును చూశాడు. మనుషులు లేనిచోట బల్బు వెలగడమా! కర్చీఫు చేతికి చుట్టుకుని, దాన్ని తిప్పి తీసేశాడు. పైన మొత్తం చీకటి. "అయ్యో!" అని అరుపులు. నాన్న కంగారుగా మళ్ళీ పెట్టాడు. లైట్లొచ్చాయి. నమ్మకం కలగక మళ్ళీ తీశాడు. చీకటి. మళ్ళీ పెట్టాడు. వెలుగు. ఈ ప్రయోగం మెట్ల మీద నుంచి వంగి చూసిన అత్తయ్య వెంటనే ఉత్తర్వు జారీ చేసింది: "ఇంటికంతటికీ అదే మూలం. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకండి! అమ్మా, నువ్వు అక్కడే కూర్చో." మోకాళ్ళ నొప్పులతో పైకి ఎక్కలేని నాయనమ్మను బల్బు పక్కన కుర్చీ వేసి కాపలా కూర్చోబెట్టారు. ఆవిడ ఒళ్ళో బైబిలు, చేతిలో కర్ర. నేను కూడా అవునవును, దాన్ని ముట్టుకోకూడదు అన్నట్టే తల ఊపాను. (ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

పైన పాట మొదలైంది. వంటింట్లో అత్తయ్య బిర్యానీలోకి పుదీనా చట్నీ తిప్పబోయింది. మిక్సీ మూలిగింది, తిరగలేదు. హాల్లో లైట్లు కొండెక్కాయి. పాట మాత్రం ఆగలేదు, అందరికీ కంఠతా వచ్చిన పాటే. నేను తోచక మెట్లు దిగి నాయనమ్మ పక్కన కూలబడ్డాను. బల్బు మా ఇద్దరి మీదా పట్టపగలులా వెలుగుతోంది.

"ఏమే అమ్మడూ," అంది నాయనమ్మ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "పైన ఫ్యానేస్తే ఇది ఎర్రబడుతుంది. మీ అత్త మిక్సీ వేస్తే ఇదిగో, ఇలా మండిపోతుంది. పైకి పోవాల్సిందంతా ఇదే తినేస్తోందేమోనే. దీన్ని ఇక్కడెవరు పెట్టారు?"

ఒక్కసారిగా మా బెంచీ, దాని పైన వేలాడే బల్బు, అక్కడ మేం ఎన్నడూ చిన్న లైటు తప్ప ఫ్యాను లాంటిదేదీ వేయకపోవడం, అన్నీ గుర్తొచ్చాయి. నాయనమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టాను. ఆవిడ కర్ర ఎత్తింది. "ముట్టుకోకు! మీ అత్త నన్ను చంపుతుంది!" "నన్ను చంపుతుందిలే నాయనమ్మా," అని మెయిన్ ఆపేసి, బల్బును విప్పి పక్కన పెట్టి, తీగను తిన్నగా కలిపాను. సప్లై ఇచ్చే ముందు గట్టిగా కేక వేయాలని సార్ నేర్పారు. "సప్లై ఇస్తున్నా!" అని అరిచాను. పైన పాట మూడో చరణంలో ఉంది. ఎవరికీ వినబడలేదు.

మెయిన్ వేశాను. రెగ్యులేటర్లు చివరిదాకా తిప్పే ఉన్నాయి కదా, రెండు ఫ్యాన్లూ ఒక్కసారిగా ఊపందుకున్నాయి. రంగుకాగితాల తోరణాలు తెగి అయ్యగారి భుజాల మీద పడ్డాయి, పాటల పేజీలు చిలకల్లా ఎగిరాయి. అసలు సంగతి వంటింట్లో జరిగింది. తిరగని మిక్సీని ఆపకుండానే మూత తీసి, అత్తయ్య ఫోను లైటుతో లోపలికి తొంగి చూస్తోంది. నేను పైకి పరిగెత్తేసరికి కొత్త తెల్ల గోడ సగం పచ్చగా ఉంది. అత్తయ్య మీగడ రంగు పట్టుచీర పచ్చగా ఉంది. కళ్ళద్దాల రెండు అద్దాలూ పచ్చగా ఉన్నాయి. మిక్సీ మాత్రం నిర్దోషిగా గిర్రున తిరుగుతోంది.

హాల్లోవాళ్ళంతా వంటింటి గుమ్మంలో మూగారు. అత్తయ్య కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మిక్సీ వైపు చూసింది. ఫ్యాను వైపు చూసింది. చివరికి నా వైపు చూసింది.

"తిరుగుతోంది," అంది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "నువ్వు సోమవారం స్కూలుకి రావద్దు. అక్కడ నాలుగు వందల మంది పిల్లలున్నారు," అంది.

మొదట నవ్వింది అయ్యగారు. తర్వాత నాన్న. అక్కయ్య ఎదుట నాన్న అంత పెద్దగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఊరి నుంచి వచ్చాక ఈ కథంతా విని సార్ నవ్వలేదు. కాసేపు మా బెంచీ పైన బల్బు వంక చూసి, "తియ్యమని నేను జెప్పలే గదా బిడ్డా. ఇన్నేండ్ల సంది ఎవ్వలికీ జెప్పలే," అని, స్టూలెక్కి మొదటిసారి దాన్ని ఊడదీశారు.

ఇప్పుడు అదే బెంచీ దగ్గర నేను పాఠం చెబుతున్నాను. అత్తయ్య గోడకు మళ్ళీ మళ్ళీ రంగు వేయించింది కానీ, వానాకాలంలో ఆ పచ్చమరక పైకి తేలుతూనే ఉంటుంది. ఎవరైనా అడిగితే, "మా మేనకోడలు ఎలక్ట్రీషియన్," అని చెబుతుంది. అదేం జవాబో వాళ్ళకు అర్థం కాదు. నాయనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ కుర్చీ మాత్రం అడిగి తెచ్చుకుని క్లాసులో వేసుకున్నాను. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే సిరీస్ బల్బు తీసేయడం నేర్పుతాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒక అమ్మాయి మరిచిపోయి, టెస్టరు పట్టుకుని, ఏడుపు ముఖంతో బోర్డు చుట్టూ తిరుగుతుంది. చెప్పేయాలని నాలుక దాకా వస్తుంది. కానీ చెప్పను. ఆ కుర్చీ లాగి, "ఇక్కడ కూర్చుని ఆ బల్బునే కాసేపు చూడు అమ్మడూ," అంటాను.