బీరువా వెనక ప్లగ్గు బోర్డులు

సైదాబాద్‌లో కూరగాయల బండ్లు ఆగే సందులో ఉన్న శాఖా గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్‌ని. మా నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరొచ్చారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా నా మాటలో అక్కడి సాగదీత ఇంకా పోలేదని మా అటెండరు భాయ్ వెక్కిరిస్తుంటాడు. కోపం మాత్రం ఏ జిల్లాదో తెలియదు, ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

ఆ వేసవిలో పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. శాఖల పనితీరు మదింపు చేస్తారట. బాగా లేనివాటిని దూరంగా ఉన్న పెద్ద శాఖలో కలిపేస్తారట. అంతవరకు చదివి ఆ కాగితం మడిచి సొరుగులో పడేశాను. ఇంటికి పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు మాకు దాదాపు లేరు. కథలు ఫోనులో వింటున్నారు, సందేహం వస్తే ఆ ఫోన్నే అడుగుతున్నారు. మా దగ్గరికొచ్చేది పోటీ పరీక్షల పిల్లలు. వాళ్ళ పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుని, ఫోనులో పాఠాలు వింటూ, పొద్దంతా ఫ్యాను కింద కూర్చుంటారు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ పనితీరు అంటే ఒకటే కొలత: ఎన్ని పుస్తకాలు బయటికి వెళ్ళాయన్నదే. ఆ కొలతకు మేం సున్నా.

నాకేం, ఇంకో శాఖకు బదిలీ చేస్తారు. నా దిగులంతా జల్‌పల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి గురించి. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఇంట్లో ఒకటే గది, అందులోనే టీవీ, అందులోనే తమ్ముళ్ళు. తండ్రి ఆమెకు అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణంలో పని మాట్లాడి పెట్టాడు. చదువుకునే చోటు ఉన్నన్నాళ్ళు ఆగుతానన్నాడు, అది పోతే ఆ దుకాణం సేటు దగ్గరికే.

కలిపేస్తారన్న మాట ఆమె చెవినా పడింది. "గా పెద్ద లైబ్రరీ దాక రెండు బస్సులు మారాలె మేడం. బాపు పంపడు" అంది. ఎప్పట్లాగే కసిరాను. "ముందు చదువుకో తల్లీ, మూసినప్పుడు చూద్దాంలే" అన్నాను.

తనిఖీ అంటే మన ఆఫీసుల్లో ఒకటే ఆచారం. ఉన్నది దాచాలి, లేనిది పెట్టాలి. పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే గోడలకు సున్నం, గుమ్మానికి పూలకుండీలు. పిల్లలు ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి భాయ్ గోడ వెంట ప్లగ్గు బోర్డులు బిగించి పెట్టాడు. ముందురోజు సాయంత్రం వాటిని చూసి తల పట్టుకున్నాడు. "గివి చూస్తే సాబ్ ఏమంటడు మేడం? లైబ్రరీయా, మొబైల్ దుకాణమా అంటడు" అంటూ అన్నిటినీ పీకి నిఘంటువుల బీరువా వెనక తోసేశాడు.

నేనేం తక్కువ తిన్నానా? 'సెల్‌ఫోన్లు వాడరాదు' అని అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి గుమ్మానికి తగిలించాను.

"ఇగ ఫికర్ లేదు మేడం, మస్తుగున్నది" అన్నాడు భాయ్.

మర్నాడు మదింపుకు వచ్చినాయన చేతిలో ట్యాబ్ తప్ప మరేమీ లేదు. అద్దంలా తుడిచిపెట్టిన బీరువాల వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా హాల్లోకి వెళ్ళి, ఫోను పట్టుకుని గోడ వెంట వెతుకుతున్న జల్‌పల్లి అమ్మాయిని పలకరించాడు.

"ఈమధ్య ఇక్కడ ఏ పుస్తకం తీసుకున్నారమ్మా?"

"నేనెప్పుడు తీసుకోలే సార్. నా బుక్కులు నేనే తెచ్చుకుంట."

కొంప మునిగిందనుకున్నాను. నిజం చెప్పడానికి ఈ పిల్లకు ఇవాళే దొరికిందా!

"మరి ఎందుకొస్తారు?"

"ఇక్కడ లొల్లి ఉండదు సార్. వైఫై ఉంటది. మోడల్ టెస్టులన్ని ఫోన్లనే రాస్త."

ఆయన ట్యాబ్ మీద ఏదో నొక్కి మా వైపు తిరిగాడు. "చార్జింగ్ పాయింట్లు ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటి గూడ లేదు సాబ్!" భాయ్ ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"అదేంది భాయ్! నిన్న పొద్దుగూకె దాక గోడ పొంటి ఉండె గదా!" అంది అమ్మాయి.

ఆయన గోడ కేసి చూశాడు. మేకులు పీకిన బెజ్జాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. "తీసేశారా? ఎందుకు?" అన్నాడు.

అంతే, నా నోరు ఆగలేదు. "మీ లెక్కలకు భయపడి సార్! ఎన్ని పుస్తకాలు బయటికెళ్ళాయని అడుగుతారు, వెళ్ళలేదు. ఈ పిల్ల రోజూ ఇక్కడికొచ్చి కష్టపడి చదువుతోంది. మీ లెక్కలో దానికెక్కడైనా చోటుందా?"

"ఉంది మేడం, మొదటి ప్రశ్నే అది" అన్నాడాయన తాపీగా. "ఎవరొస్తున్నారు, ఎంతసేపుంటున్నారు, ఇక్కడ వాళ్ళకు ఏం పని జరుగుతోంది? పుస్తకాల లెక్క చివర్లో ఉంది. కొలతలు మారాయని కాగితం వెనక వైపు రాసి పంపాం కదా, చూళ్ళేదా?"

కలిపేస్తారన్న వాక్యం దగ్గరే నేను ఆ కాగితం మడిచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను కానీ, అంత హాయి కూడా ఎన్నడూ ఎరగను.

"భాయ్, ఆ బీరువా జరుపు!" అన్నాను.

నిఘంటువుల బరువుకు అది ఒక పట్టాన కదిలితేనా! ఆఫీసరు కూడా చొక్కా చేతులు మడిచి ఓ పక్క భుజం పట్టాడు. బోర్డులు బయటికొచ్చాక వాటిని ఫోటో తీసుకుంటూ పడీ పడీ నవ్వాడు. మేమూ నవ్వాం. భాయ్ మాత్రం మూతి ముడుచుకుని, "ముందే చెప్తే పీకకపోదును గదా సాబ్" అని సణిగాడు.

కొన్నాళ్ళకు ఫోనొచ్చింది. మా శాఖను ఉంచుతున్నారు. భాయ్ "యా అల్లా" అని గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. హాల్లోకి వెళ్ళి అమ్మాయి చెవిలో సంగతి చెప్పాను. ఆమె చార్జింగులో ఉన్న ఫోను తీసి, చుట్టూ అంతమంది చదువుకుంటున్నారన్న ధ్యాసే లేకుండా గట్టిగా మాట్లాడింది.

"బాపూ, లైబ్రరీ ఉంటదంట. సేటుకు చెప్పు, నేను రాను."