ఒక్క రూపాయి నుంచి లేచిన పాట

మా బావ చొక్కా ఆన్‌లైన్‌లో అమ్మిపెడతానని ఒప్పుకున్న రోజు నా బుద్ధి గడ్డి తింది. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

బావంటే మా అక్క భర్త. వయసులో ఉన్నప్పుడు రాష్ట్రం తరఫున కబడ్డీ ఆడాడు. చొక్కా అంటే అప్పుడు వేసుకున్న జెర్సీ. లేత నీలం రంగు, వీపు మీద ఏడో నంబరు, ఎడమ భుజం దగ్గర జానెడు చిరుగు. కబడ్డీ ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయమని అప్పట్లో అందరూ అన్నారట. రాలేదు. ఇప్పుడాయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి దగ్గర వేలం పాట పాడించే పని చేస్తాడు. రైతులు తెచ్చిన దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి, కొనేవాళ్ళు చుట్టూ చేరతారు, ఈయన గొంతెత్తి ధర పైకి లేపుతాడు. ఒకప్పుడు కూత పెట్టిన గొంతు కదా, యార్డు అవతలి గేటు దాకా వినిపిస్తుంది.

మా అక్కకి ఆ గొంతు మీద గానీ, ఆ ఆట మీద గానీ కాస్తయినా గౌరవం ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. బియ్యం నిండుకున్నా, కరెంటు బిల్లు వచ్చినా, వాన కురిసి వసారా కారినా ఆవిడ నోట ఒకటే మాట.

"అంత ఆడేవు గదా, ఆడి ఏటి తెచ్చేవు?"

బావ తువ్వాలు భుజాన వేసుకుని, సైకిలెక్కి మార్కెట్‌కి వెళ్ళిపోతాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

నాకు స్టేషన్ రోడ్డులో చిన్న జిరాక్సు కొట్టుంది. పింఛను దరఖాస్తులు, ఆధార్ మార్పులు, రైలు టిక్కెట్లు, అన్నీ నేనే చేస్తాను. ఒక సాయంత్రం బావ ఒక పాలిథిన్ కవరు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే కలరా ఉండల వాసన గుప్పుమంది. చొక్కా మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా ఉంది.

"టీవీలో సూసేను. ఆటగాళ్ళ బేట్లు, బనీన్లు లచ్చలకి కొంటన్నారంట. దీన్ని నీ కంప్యూటర్లో పెట్టి అమ్మిపెట్టు" అన్నాడు.

"అయి పేరున్నోళ్ళవి బావా" అన్నాను.

"నాకు లచ్చలెందుకే? ఎంతో కొంత రావాల. అది మీ అక్క సూత్తుండగా నా సేతిలో పడాల. అంతే."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు చూశాక కాదనడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళ ప్రశ్నకి ఒక్కసారి జవాబు చెప్పాలని ఆయన ఆశ. డబ్బు ఎంతన్నది ఆయనకి లెక్కలేదు.

పాత సామాన్లు అమ్మే ఆప్ ఒకటి నా ఫోన్లో ఉంది. నా పాత ప్రింటరు అందులోనే వదిలించుకున్నాను. చొక్కాని కౌంటర్ మీద పరిచి ఫొటోలు తీశాను, వివరాలు రాశాను. ధర దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది.

"ధర మనం సెప్పకూడదు" అన్నాడు బావ. "సరుకు గలోడు నోరిప్పకూడదు. కొనీవోడే ముందు అనాల. మా యార్డులో రైతు మాటాడతాడేటి? గోడకి జారబడి నిలబడతాడు. నోరు జారేడంటే పాట అక్కడే సచ్చిపోతాది."

"ఇది యార్డు కాదు బావా. ఇక్కడ అంకె ఎయ్యకపోతే ముందుకెళ్దు."

"అయితే ఒక్క రూపాయి ఎయ్యి. కింద నుంచి లెగుత్తాది."

బెల్లం మార్కెట్ మనిషి తప్ప ఇంకెవరూ ఇవ్వని సలహా అది. జిరాక్సు కొట్టు మనిషినై ఉండి నేను దాన్ని విన్నాను.

మర్నాడు కొట్టు తెరిచేసరికి ఫోను గుయ్యిమంటోంది. ఆడమనిషినని తెలియక అందరూ నన్ను బ్రో అన్నవాళ్ళే. ఉందా బ్రో అని ఒకడు. రూపాయి ఇప్పుడే కొడతాను, కొరియర్ ఫ్రీయేనా బ్రో అని ఇంకొకడు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, మూడు పంపించమని ఒకడు. తన దగ్గర మోటారు కాలిపోయిన కూలరుంది, మార్చుకుందామా అని ఒకడు. లాస్ట్ ఎంత అని మరొకడు. రూపాయి వస్తువుకి లాస్ట్ ఏముంటుంది నాయనా, అర్ధ రూపాయా? అలాగే రాసి పంపాను. సరే బ్రో, అడ్రస్ పెట్టండి అన్నాడు.

రూపాయి అసలు ధర కాదు, మీ ధర మీరే చెప్పండి అని పెద్ద అక్షరాలతో చేర్చాను. రెండు రూపాయలు అని వచ్చింది. కింద నవ్వే బొమ్మలు నాలుగు. పింఛను కోసం వచ్చిన ముసలావిడ వేలిముద్ర పడక అవస్థ పడుతుంటే, నేను ఆవిడ వేలు పట్టుకుని ఫోన్లో ఈ వెధవ సంత చూస్తూ కూర్చున్నాను.

క్రికెట్ కాదా అని అడిగి వెళ్ళిపోయినవాళ్ళు కొల్లలు. కబడ్డీ అని మొదటి లైన్లోనే రాశాను. చదివితే కదా. ఒకాయన మాత్రం చదివాడు. చదివి ఇలా రాశాడు: "ఎవరండీ ఈయన? పేరు కొడితే నెట్‌లో ఏమీ రావట్లేదు."

అంతవరకు వచ్చినవన్నీ చిరాకు తెప్పించాయి. ఇది మాత్రం ఒళ్ళు మండించింది. ఏమీ రాకపోవడమేమిటని నేనూ బావ పేరు కొట్టి చూశాను. నిజంగానే ఏమీ రాలేదు. ఆయన ఆడిన రోజుల్లో ఫోన్లూ లేవు, ఆ ఆటల ఫొటోలు నెట్‌లోకి ఎక్కించినవాళ్ళూ లేరు. బావ వచ్చే వేళకి ఆ మెసేజ్ చెరిపేశాను.

ఆయన రోజూ యార్డు నుంచి ఇంటికెళ్తూ కొట్టు ముందు సైకిలాపి, కాలు నేల మీద ఆనించి అడిగేవాడు.

"ఏటి, పాట ఎంతవరకు లెగిసింది?"

"లెగుత్తంది బావా."

"లెగనీ. తొందరపడకు."

తొందరంతా నాదే. ఈ చొక్కాకి ఎవడో ఒకడు మనిషిలా ధర చెప్పకపోతే ఈయన ముఖం ఎలా చూడాలా అని నాకు దిగులు పట్టుకుంది.

చివరికి ఒకడు దొరికాడు. ఎలమంచిలిలో హైవే పక్కన జిమ్ పెడుతున్నాడట. గోడలకి పాత జెర్సీలు అద్దాల ఫ్రేముల్లో కట్టించి పెడతాడట. ఐదు వందలన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొంచెం పెంచమన్నాను. చిరుగుంది కదండీ, నాలుగు వందలన్నాడు. పెంచమంటే తగ్గించే మనిషిని చూడటం నాకదే మొదటిసారి. అక్కడి నుంచి వాడికీ నాకూ రోజూ యుద్ధమే. నంబరు వెలిసింది అంటాడు. పాతదంటే వెలవదా అంటాను. చెమట మరకుంది అంటాడు. ఆడినవాడికి చెమట పట్టదా అంటాను. ఉతికించి పంపుతారా అంటాడు. అన్నం తింటుంటే మెసేజ్, ఆటోలో ఉంటే మెసేజ్. వాడితో మాట్లాడినంతగా ఆ రోజుల్లో మా ఆయనతో మాట్లాడలేదు.

బావకి చెబితే సంబరపడ్డాడు.

"ఆడు నికార్సయిన బేరగాడే. మనసులో కొందారని నేకపోతే ఒంకలు ఎందుకు ఎతుకుతాడు? నాను రోజూ సూత్తన్నాను గదా, దిమ్మ అంచు ఇరిసి నోట్లో ఎసుకుని మొకం అదోలా పెట్టినోడే ఆకర్ని పట్టుకెళ్తాడు."

ఆ మాట నిజమే అయింది. లాగి లాగి పదిహేను వందల దగ్గర తెగింది. ఆదివారం బండి మీద వస్తానన్నాడు. కొట్టుకి రమ్మంటే బావ ఒప్పుకోలేదు. ఇంటికే రావాలి, అక్క ఉండగా రావాలి. సరే అన్నాను. వాళ్ళింటి దారి వాడికి ఫోన్లో చెప్పేసరికి నా గొంతు పోయింది.

ఆదివారం నేను వెళ్ళేసరికి అక్క రాంబిల్లి నుంచి వచ్చే చేపలావిడతో గుమ్మంలో బేరమాడుతోంది. ఆవిడ గంప ఎత్తుకుని నాలుగడుగులు వేసింది, మళ్ళీ వెనక్కి వచ్చింది, చివరికి అక్క చెప్పిన ధరకే ఇచ్చి గొణుక్కుంటూ పోయింది. అక్క పెరట్లో కత్తిపీట ముందు కూర్చుంది. చొక్కా సంగతి ఆవిడకి తెలుసు. "ఆ మసిగుడ్డకి డబ్బులిత్తాడంటే ఆడెవడో ఎర్రోడై ఉంటాడు" అంది, చేప మీంచి కళ్ళెత్తకుండా. బావ గడ్డం గీసుకుని తెల్లచొక్కా వేసుకున్నాడు.

జిమ్ మనిషి వచ్చాడు. చూస్తే కుర్రాడే, కండలు తిరిగి ఉన్నాడు. టీ ఇచ్చాను. బావ కవరు విప్పి చొక్కాని మంచం మీద పరిచి, పక్కకి తప్పుకుని, గోడకి జారబడి నిలబడ్డాడు. యార్డులో రైతు నిలబడ్డట్టే.

ఆ కుర్రాడు చొక్కాని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. చిరుగులోంచి వేలు పెట్టి అటూ ఇటూ ఆడించాడు.

"ఫొటోలో ఇంత పెద్దగా కనపడలేదు మేడమ్. డేమేజీ ఎక్కువుంది. వెయ్యి చేసుకోండి" అన్నాడు.

నాకు నషాళానికెక్కింది. నేనేదో అనబోతుండగా పెరటి గుమ్మంలో అక్క కనిపించింది. చేతులకి చేప పొలుసులు అలాగే ఉన్నాయి.

"ఆ ఏలు తియ్యి ముందు" అంది.

కుర్రాడు తీశాడు.

"ఆ సిరుగు ఊరికే పడిందనుకున్నావేటి బాబూ? కూతకెళ్ళి ఇద్దర్ని కొట్టి ఎనక్కొత్తంటే ఎనక నుంచి సొక్కా అట్టుకున్నారు. సొక్కా అట్టుకోకూడదు, అది రూలు. రిఫరీ సూడనేదు. భుజం కాడ పర్రుమని సిరిగిపోయినా ఈ మనిషి కూత ఆపనేదు. బోర్లా పడి, ఈడ్సుకుంటా వచ్చి గీత మీద సెయ్యేసేడు. ఆ రెండు పాయింట్లతోటే గెలిసేరు. నీకది డేమేజీలాగ కనపడతందా?"

ఆ మ్యాచ్ వాళ్ళ పెళ్ళికి ముందుది. అక్క చూసే వీలే లేదు. ఈ సంగతి బావ నాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడకి ఎన్నిసార్లు చెప్పాడో, ఆవిడ ఎప్పుడు అంత శ్రద్ధగా విందో నాకు తెలియదు.

"మరెంతకిస్తారమ్మా?" అన్నాడు కుర్రాడు, కాస్త తగ్గి.

"ఐదు వేలు."

"పదిహేను వందలకి మాటైపోయింది కదమ్మా."

"నాతో అవనేదు."

"పోనీ రెండు వేలు."

"పది వేలు" అంది అక్క.

"నేను పెంచుతుంటే మీరూ పెంచుతారేంటమ్మా?"

"ఇందాక నువ్వు తగ్గించనేదా? పాతిక వేలు. ఆపైన నీ ఇష్టం."

కుర్రాడు నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. బావ నేల చూపులు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కుర్రాడు టీ సగంలో వదిలేసి, మీరు మాట మీద నిలబడాలి మేడమ్ అని నాతో అని, బండెక్కి వెళ్ళిపోయాడు. ఎలమంచిలి చేరాక ఆప్‌లో నాకు ఒక్క స్టార్ ఇచ్చి అదే మాట అక్కడా రాశాడు. మాటిచ్చింది నేను, తప్పింది మా అక్క, పరువు పోయింది నాది.

అక్క మీద విరుచుకుపడ్డాను. "ఇదంతా నీ మూలానే గదే! ఆడి ఏటి తెచ్చేవని నువ్వు నిత్యం సాధించబట్టే గదా బావ అమ్ముతానన్నాడు! తీరా అమ్ముడైపోతంటే తగలేసేవు!"

"నానడుగుతాను" అంది అక్క. "నా మొగుణ్ణి నానడుగుతాను. దారినపోయినోడికి వెయ్యికి ఇచ్చెయ్యమన్నానేటి?"

చేతులు కడుక్కుని వచ్చి చొక్కా మడతపెట్టింది. చిరుగు లోపలికి పోయేలా, పాత మడత మీదే మడతపెట్టింది. ట్రంకు పెట్టె తెరిచి, లోపల ఏ మూల ఉందో వెతుక్కోకుండానే కలరా ఉండల పొట్లం తీసి రెండు ఉండలు మడతలో వేసింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, పిల్లి ఒక చేపని ఎత్తుకుపోయిందని మా ఇద్దరినీ కలిపి తిట్టింది. నేను భోజనానికి ఉండకుండా కోపంగా వచ్చేశాను. పులుసు గిన్నె సాయంత్రం బావ చేత పంపించింది.

బావ గిన్నె కౌంటర్ మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అది తీసెయ్యి" అన్నాడు, ఫోను చూపిస్తూ. "పాట అయిపోయింది."

"ఏటి అయిపోయింది బావా? ఒక్క రూపాయి కూడా రానేదు. నా గొంతు పోయింది, పేరు పోయింది."

"పై పాట ఎవరిదైతే సరుకు ఆళ్ళదే. ఎలమంచిలోడు రెండేల కాడ ఆగిపోయేడు. పాతిక వేలంది మీ అక్క. ఆపైన పాడినోడు నేడు."

నాకు ఇంకా కోపంగానే ఉంది. ప్రకటన తీసేస్తూ, మరి అక్క ఈ పూట ఆడి ఏం తెచ్చావని అడగలేదా అన్నాను. లేదన్నట్టు తలూపాడు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నా జిరాక్సు మిషను వైపు తిరిగి, యార్డు గొంతుతో అందుకున్నాడు. జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

"పాతిక వేలు, ఒకటోసారి. పాతిక వేలు, రెండోసారి."

అక్కడ ఆపేశాడు. మూడోసారి అనవేం బావా అన్నాను.

"అది ఇంటికెళ్ళి అంటాను" అని సైకిలెక్కాడు.