భూమయ్య ఎక్కిన అల

ఆబిడ్స్‌లోని ఫర్నిచర్ దుకాణంలో భూమయ్య వడ్రంగి, నేను గుమాస్తాను. మా ఇద్దరిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను. సముద్రాన్ని ముందు చూసింది ఆయన. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది.

పందొమ్మిది వందల ముప్పై ఏడు వేసవిలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దొర వచ్చి, అలల మీద పడుకుని జారడానికి తేలికైన చెక్క పలక కావాలన్నాడు. భీమునిపట్నం అవతల రాళ్ల మధ్య చిన్న తీరం ఉందట, అక్కడ జనమే ఉండరట. ఆ మాటలన్నీ భూమయ్యకు విడమరిచి చెప్పింది నేనే. తీరా పలక తయారయ్యాక, విరిగితే బాగుచేయడానికని దొర ఆయన్నే వెంట తీసుకెళ్లాడు.

భూమయ్య నెల తర్వాత నల్లబడి వచ్చాడు. నాంపల్లిలో ఆయన ఇంటి అరుగు మీద రోజూ జనమే. దొర ఒకసారి ఆయన్ని కూడా పలక మీద పడుకోబెట్టి అలకు వదిలాడట. భయం వేయలేదా అని అడిగాను.

"భయమెందుకు పంతులూ? పలకను గట్టిగ పట్టుకున్న. ఎన్కనుంచి నీళ్లు లేపినయి. ఒడ్డుదాక కాలు కింద పెట్టలే."

కాస్త గొప్పలు పోయి ఉంటే నాకు ఊరటగా ఉండేది. అంత మామూలుగా చెప్పేసరికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

మరుసటి వేసవికి భూమయ్య చలిజ్వరంతో మంచం పట్టాడు. పైకి అయ్యో అన్నాను, లోపల సంతోషమే. ఆ దగ్గరి పల్లె బెస్తవాళ్లతో మాట్లాడటానికి పనికొస్తానని చెప్పి దొరను ఒప్పించాను. దొర మా దుకాణంలో ఉంచి వెళ్లిన పలకను తీసి చూస్తే నిండా ఉలి గాట్లు, ఒకటే గరుకు. మా దుకాణంలో కుర్చీ కాలైనా లక్క పాలిష్ లేకుండా గడప దాటదు. భూమయ్య బద్ధకించాడనుకున్నాను. దొర నన్ను మెచ్చుకోవాలని నాలుగు పూతలు వేయించాను. పలక అద్దంలా మెరిసింది.

నాంపల్లి స్టేషన్లో రైలెక్కాం. తీరం చేరాక, రాళ్ల నడుమ ఎగసిపడే ఆ నీళ్లను చూసి పంచె ఎగగట్టి దగ్గరికి పరుగెత్తాను. ముందు తాను ఎక్కుతానని, తర్వాత నా వంతని దొర చెప్పాడు. మొదటి అలకే పాలిష్ మీద చేతులు జారి, ఆయన మోకాలు రాయికి కొట్టుకుంది. ఆ గాట్లు పట్టు కోసమని నాకు అప్పుడు తెలిసింది. దొర నెత్తురోడుతూ ఒడ్డుకు వచ్చి, దీన్ని ఇలా నున్నగా చేసిందెవరని అడిగాడు.

"భూమయ్య" అన్నాను.

మర్నాడే తిరుగు రైలు ఎక్కాం. నా వంతు రానేలేదు. దొర మళ్లీ మా దుకాణానికి రాలేదు.

ఆ తర్వాతి వేసవి సగం గడిచాక భూమయ్య నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దొర గీ యేడు పిలుస్తలేడేంది పంతులూ? నాతోని ఏమన్న తప్పయిందా?"

"పెద్దవాళ్లు, ఏదో పని పడి ఉంటుంది" అన్నాను.

ఔనని తలూపి పనిలోకి వెళ్లిపోయాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ఒక్కసారైనా అల ఎక్కాడు కదా అనిపించింది. ఆయన్ని వెనక్కి పిలవకుండా లెక్కల పుస్తకం తెరిచాను.