స్తుతుల వేళ తమ్ముడి పేరు

నా చిన్నప్పుడు మా అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. సూరత్‌లో మా నాన్నతో పాటే మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. గుజరాత్‌లో మందు నిషేధం. మా మామకు మాత్రం దానికి ఏ పూటా కరువు రాలేదు. తాగి గొడవపడేవాడు, ఏడ్చేవాడు, మర్నాడు నన్ను భుజాన ఎక్కించుకుని మేముండే పాండేసర పేట సందులన్నీ తిప్పేవాడు. మంచివాడో చెడ్డవాడో తేల్చుకోవడం అప్పుడు నా వల్ల కాలేదు. ఈ వయసులోనూ కావడం లేదు.

తెలంగాణ నుంచి పనికి వచ్చినవాళ్లలో ప్రార్థనకు వెళ్లే ఇళ్లు పదో పన్నెండో. ఆదివారం ఒక అద్దె గదిలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ముందు కష్టాల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి మనవి చెప్పుకోవాలి. చివర్లో మేలు పొందినవాళ్లు లేచి దేవునికి స్తుతి చెల్లించాలి. మా అమ్మ ఎప్పుడూ మనవుల్లోనే లేచేది. మాట కూడా మారేది కాదు. "నా తమ్ముడు తాగుడు మానాలె. జర యాది పెట్టుకొని ప్రార్థన చెయ్యుండ్రి." వినీ వినీ పిల్లలం వెనక కూర్చుని ఆమెతో పాటు పెదవులు కదిపి నవ్వుకునేవాళ్లం.

ఒక వానాకాలం మామ పోయాడు. కల్తీ మందు అన్నారు. సమాధి చేసిన తర్వాతి ఆదివారం, మనవుల వేళ అమ్మ అలవాటు కొద్దీ లేచి అదే మాట అంది. గదిలో తలలన్నీ వంగిపోయాయి. పక్కనున్న పెద్దమ్మ కొంగు పట్టి లాగింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మెల్లగా చెప్పారు. "పోయినోళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యం గద అమ్మా. ఆయన ఇగ దేవుని చేతులల్ల ఉన్నడు. కూసో తల్లీ."

అమ్మ కూర్చోలేదు. మిగిలినవాళ్ల మనవులూ, పాటా, వాక్యమూ అయిపోయేదాకా అలాగే నిలబడింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేయి పట్టి గుంజినా కదలలేదు. స్తుతుల వేళ రాగానే నోరు విప్పింది. "గట్లయితే స్తుతులల్ల చెప్పుకుంట. తాగినా, కొట్లాడినా, నా తమ్ముణ్ని నాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం."

ఇంటికి నడుస్తూ అడిగాను, మామ పరలోకానికి పోయాడా అని. "నాకు ఎర్కలేదు బిడ్డా. దేవునికే ఎర్క," అంది. అబద్ధం చెప్పి నన్ను ఓదార్చి, తనూ ఊరట పొంది ఉండొచ్చు. చెప్పలేదు.

ఈ ఏడు నా తమ్ముడు పోయాడు. అదే తాగుడు. సూరత్ అవతల కామ్‌రేజ్‌లో అద్దె గదిలో, పక్కన ఎవరూ లేకుండా. అంతకు వారం ముందు మా గుమ్మంలో నిలబడి, "అక్కా, జర తలుపు తియ్యి. కొద్దిసేపు కూసోని పోత," అన్నాడు. మనవలు జడుసుకుంటారని తియ్యలేదు. వాడి కోసం ఏళ్ల తరబడి మోకాళ్లు అరిగేలా ప్రార్థించినదాన్ని, వాడే ఇంటికి వస్తే గడియ తియ్యలేకపోయాను.

చాలా ఆదివారాలు స్తుతుల వేళ నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. మొన్న లేచాను. వాడి పేరు చెప్పి, వాణ్ని నాకిచ్చినందుకు స్తోత్రం అన్నాను. గుండెలో స్తోత్రం లేదు. దేవుని మీద నమ్మకం పోలేదు గానీ, ఆయనతో మాట్లాడదామని మోకరించి, మధ్యలోనే లేచిపోతున్నాను. వాడి కోసం అడగడానికి ఇక ఏమీ లేదు. వాడి పేరు నలుగురిలో పలకడమొక్కటే అక్కగా నాకు మిగిలింది.