నేను తుడిచేసిన ఆయిల్

ఈ మాట కడుపులో పెట్టుకుని ఇన్నేళ్ళు షెడ్డు నడిపాను. పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు గుర్తొస్తుంది. పనిలో పడి మరిచిపోతాను. ఇంతలో ఎవరో వచ్చి బండి క్లచ్ జారుతోందంటారు, మళ్ళీ గుర్తొస్తుంది. మెకానిక్‌కు క్లచ్ పని తగలని వారం ఉంటుందా? మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. బాన్సువాడలో బీర్కూర్ రోడ్డు మీద షెడ్లు చాలా ఉన్నాయి, అందులో ఒకటి నాదనుకోండి. విన్నాక తిట్టుకుంటారేమో, తిట్టుకోండి. ఎవరో ఒకరు నన్ను తిట్టాలి.

ఒక మనిషి పొట్ట కొట్టాను. కోపంతో కాదు, పగతో కాదు. ఒక్క మాటతో.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. క్లచ్ కాలిపోయిన బండి వస్తే గేరుబాక్స్ దించి, పాత ప్లేటు తీసి ఓనరు చేతిలో పెడతాం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఏమీ అర్థం కాదు. అప్పుడు ఉస్తాద్‌ను, అంటే మెకానిక్‌ను, అడుగుతాడు. ప్లేటుకు వయసైపోయింది అని ఉస్తాద్ అంటే, ఓనరు ఉసూరుమని ఊరుకుంటాడు. కాలు తిన్నది అంటే మాత్రం డ్రైవర్ పని అయిపోయినట్టే. అంటే ఆ డ్రైవర్ ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ పెడల్ మీద ఆనించే నడుపుతున్నాడని, అందుకే ప్లేటు అరిగి కాలిపోయిందని. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న డ్రైవర్లకు ఆ మాట వెంటనే తెలిసిపోతుంది. సాయంత్రానికి వర్ని దాకా పోతుంది. ఆ తర్వాత అతని చేతికి ఎవరూ తాళం ఇవ్వరు. ఎవడు పెట్టాడో ఈ పద్ధతి, తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. అప్పట్లో మాత్రం నా మాటకు ఇంత విలువ ఉందా అని మురిసిపోయేవాణ్ణి.

బీర్కూర్ వైపు ఒక రైతుకు పాత పికప్ ఉండేది. అందరూ ఆయన్ని పటేల్ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. దాన్ని నడిపేది సాయిలు. వడ్లు, ఎరువు బస్తాలు, పెళ్ళి సామాను, ఏదైనా సాయిలే. చెప్పులు విడిచి బండి ఎక్కేవాడు. గేరు మార్చగానే ఎడమ కాలు పెడల్ మీదినుంచి తీసి పక్కన కింద పెట్టేవాడు. ఆ పక్కన రబ్బరు మ్యాట్ అతని మడమ ఆనిన చోట అరిగి గుంట పడింది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ బండి కింద ఎంతసేపు పడుకున్నానో, లోపల కూడా అంతసేపు కూర్చున్నాను.

మొదటిసారి ఆ బండి క్లచ్‌కు వచ్చినప్పుడు ప్లేటుకు నిజంగానే వయసైపోయింది. దుకాణంలో రెండు రకాల ప్లేట్లు చూపించారు. తక్కువ రకం చాలన్నాడు పటేల్. నేనే పట్టుబట్టి మంచిది ఇప్పించాను. ఇది వేస్తే బండి ముసలిదైనా క్లచ్ మాత్రం పడుచుగా ఉంటుందని నలుగురిలో గొప్పలు పోయాను. ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా కొత్తవే వేయించాను. అంతా సరిగానే చేశాను, ఒక్కటి తప్ప.

గేరుబాక్స్ దించాక ఇంజన్ వెనక చూస్తే ఆయిల్ సీలు చెమరుస్తోంది. అక్కడ ఆయిల్ కారితే తిన్నగా క్లచ్ ప్లేటు మీదికే వస్తుంది. ఆయిల్ తగిలిన ప్లేటు పట్టు తప్పుతుంది, ఎంత మంచిదైనా సరే. ఇది ఏ మెకానిక్‌కైనా తెలిసిన సంగతే. కానీ ఆ పాత బండి సీలు బాన్సువాడలో దొరకలేదు, నిజామాబాద్ నుంచి రావాలి. అవతల వరికోతలు. పటేల్ నా స్టూలు మీద కూర్చుని, పొలంలోకి కోత మిషన్ వచ్చిందని ఫోన్లో అరుస్తున్నాడు, మధ్యమధ్య నా మీద. విసుగొచ్చింది. గుడ్డతో సీలు తుడిచి, గేరుబాక్స్ ఎక్కించేశాను. కోతలయ్యాక చూద్దాంలే అనుకున్నాను. ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదా, ఒక్క రోజు ఆగు పటేలా అని? ఎందుకు చెప్పలేదు? అరుస్తాడనా? అరిస్తే అరిచేవాడు, ఏం పోయేది?

నాట్లు పడకముందే బండి తిరిగొచ్చింది. ఇంజన్ మొత్తుకుంటోంది, బండి కదలడం లేదు, కాలిన వాసన. పటేల్, సాయిలు ఇద్దరూ చాయ్‌కి హోటల్లోకి పోయారు. నేను గేరుబాక్స్ దించాను. ప్లేటు ఆయిల్లో తడిసి ఉంది. నేను పట్టుబట్టి ఇప్పించిన ప్లేటు. నేను వదిలేసిన సీలు. అప్పుడే బోధన్ రోడ్డులో పెద్ద షెడ్డు ఒకటి పడింది, నా గిరాకీ అటు పోతోంది. ఈ సంగతి హోటల్లో తెలిస్తే షట్టర్ దించుకోవడమేనని భయపడ్డాను.

డబ్బాలో పెట్రోల్ పోసి ప్లేటు కడిగాను. గరుకు కాగితంతో రుద్దాను. క్లచ్ కూర్చునే డొప్ప లోపలంతా తుడిచాను. మూలల్లోకి కూడా గుడ్డ దోపి తుడిచాను. అంత శ్రద్ధగా నేను ఏ బండీ తుడవలేదు. వాళ్ళు వచ్చేసరికి ప్లేటు నల్లగా, పొడిగా, కాలి ఉంది. పటేల్ చేతిలో పెట్టాను.

"చెప్పు ఉస్తాద్," అన్నాడు పటేల్. "ప్లేటు ఖరాబుదా, గీని కాలు తిన్నదా?"

"ప్లేటు మంచిదే పటేలా. కాలు తిన్నది."

సాయిలు నా ముఖంలోకి చూశాడు. "నా కాలు పక్కకే ఉంటది ఉస్తాద్. నీకెరుకే గదా. గా మ్యాట్ చూడు."

"మ్యాట్ ఏం చెప్తది సాయిలూ," అన్నాను. "ప్లేటే చెప్తున్నది గదా."

అంతే. పటేల్ చెయ్యి చాపాడు, సాయిలు తాళం ఇచ్చేశాడు. చెప్పులు బండి పక్కన ఉన్నాయి, అవి వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు. గొడవ పడతాడనుకున్నాను. పడి ఉంటే బాగుండేది. ఇద్దరం కొట్టుకుని ఉంటే కోపంలోనైనా నిజం బయటపడేదేమో. అతని నెమ్మదితనం మీద నాకు ఇప్పటికీ చిరాకే. చూశారా, తప్పు నాది, చిరాకు అతని మీద.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా ఘోరం. అప్పుడు అది బుద్ధిమంతుడి పని అనిపించింది. నేనే బస్సెక్కి నిజామాబాద్ పోయి సీలు తెచ్చి, ఎవరికీ చెప్పకుండా వేశాను. కొత్త ప్లేటు వేశాను. పటేల్ కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. మరి క్లచ్ ఎందుకు పోతుంది? ఏళ్ళ తరబడి పోలేదు. కొత్తవాడి కాలు మంచిదన్నారు, సాయిలు కాలు పాపిష్టిదన్నారు. నేను సరిగా చేసిన ఒక్క పని సాయిలు మీద సాక్ష్యమై కూర్చుంది.

అతనికి బీర్కూర్లో, వర్నిలో ఎవరూ బండి ఇవ్వలేదు. డోంగ్లి దాకా పోయి అడిగాడని విన్నాను. చివరికి రైస్ మిల్లులో హమాలీగా చేరాడు. స్టీరింగ్ పట్టిన మనిషి వీపు మీద బస్తాలు మోశాడు. భార్య బీడీలు చుట్టి ఇల్లు లాక్కొచ్చింది. దారిలో కనపడితే నన్ను ఉస్తాద్ అనే పలకరించేవాడు. నేను ఏదో పని ఉన్నట్టు పక్కకు తిరిగేవాణ్ణి.

ఈ మధ్య అదే పికప్ మళ్ళీ నా షెడ్డుకు వచ్చింది. పటేల్ దాన్ని ఎప్పుడో మిల్లుకు అమ్మేశాడు. వడ్ల లోడుతో వస్తుంటే క్లచ్ జారిందట, వెనక నుంచి తోసుకుంటూ తెచ్చారు. తోసినవాళ్ళలో సాయిలు ఉన్నాడు. వచ్చీరాగానే మిల్లు డ్రైవర్‌కు బుద్ధులు చెబుతున్నాడు. పెడల్ మీద కాలు ఉంచొద్దు, నాకు తెలియకుండానే నా కాలు ప్లేటును తినేసింది, నాలెక్క కావొద్దు అని. ఆ మాట విని నా చేతిలోని పానా కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ నా మాటను ఊరు మాత్రమే నమ్మిందనుకున్నాను. సాయిలు కూడా నమ్మాడు. తన కాలు మీద తనకే నమ్మకం పోయి, క్లచ్ లేని మోపెడ్ తప్ప మరేదీ నడపడం లేదట.

డ్రైవర్ ప్లేటు తేవడానికి దుకాణానికి పోయాడు. మిగిలినవాళ్ళు హోటల్లోకి పోయారు. సాయిలు ఒక్కడే నీడన కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చుని అంతా చెప్పాను. సీలు సంగతి, ఆయిల్ సంగతి, పెట్రోల్‌తో కడిగిన సంగతి. కొడతాడనుకున్నాను. కొట్టాలనే చెప్పానేమో.

అతను నవ్వాడు. "ఊకో ఉస్తాద్. నా మనసు నొవ్వద్దని చెప్తున్నవ్. నేను దిగినంక గా బండి మల్ల క్లచ్‌కు ఇన్నేండ్లు రానే రాలే గదా. నా కాలు నాకెరుక."

మళ్ళీ చెప్పాను. ఒట్టేశాను. బండి తలుపు తీసి మ్యాట్ మీది గుంట చూపించాను. అది ఇంకా అలాగే ఉంది. "గిప్పుడు గదెందుకు," అని లేచి బస్తాల దగ్గరికి పోయాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నిజం చెప్పినా తీసుకోడేం? ఎలా తీసుకుంటాడు? ఉస్తాద్ మాటే నిజమని అతనికి నేర్పిందే నేను కదా.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. చెప్పడానికి సాయిలునే ఎందుకు ఎంచుకున్నాను, అదీ ఎవరూ లేనప్పుడు? హోటల్లో నిలబడి చెప్పొచ్చు కదా. పటేల్ ఇంకా బీర్కూర్లోనే ఉన్నాడు, పోయి చెప్పొచ్చు కదా. నన్ను కొట్టని మనిషిని చూసుకుని చెప్పాను. ఇప్పుడు మీకు కూడా పేరు లేకుండానే చెబుతున్నాను. ఇదీ నా ధైర్యం.

ఈసారి ప్లేటు, సీలు రెండూ మంచివే వేశాను. పాత ప్లేటు డ్రైవర్ చేతిలో పెడితే, తన కాలు తిన్నదా అని భయంగా అడిగాడు. వయసైపోయిందని చెప్పాను. నిజమే చెప్పాను. సాయిలు అక్కడే ఉన్నాడు, వాడి భుజం తట్టి, అదృష్టవంతుడివన్నాడు.

సాయిలు నమ్మలేదు. మీరైనా నమ్మండి. ఆ ప్లేటు ఆయిల్‌కు పోయింది. ఆ ఆయిల్ తుడిచేసింది నేను. సాయిలు కాలు పెడల్ మీద లేదు, పక్కనే ఉంది.