కుట్టని చీమలు

మా మేనత్త నోరు పాడవుతున్న సంగతి మాకెవరికీ తెలియకముందే ఒకసారి నా కళ్ళ ముందు బయటపడింది. ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచా బజారులో, మిట్టమధ్యాహ్నం, ఆమె ఎర్రచీమల చట్నీ తింటున్నప్పుడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఫోనుతో వీడియో తీస్తూ నవ్వుతున్నాను.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోతే నన్ను ఖరగ్‌పూర్ తెచ్చి పెంచింది మేనత్తే. మావయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక అక్కడే ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్లేరు. వాళ్ళకున్నది నేనొక్కణ్ణే.

అత్తకు అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా ఇళ్ళలో ఆడవాళ్ళు చాలామంది అలాగే కాల్చేవారు. గాలికి ఆరదు, బూడిద కూరలో పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అత్త కుళాయి దగ్గర అంట్లు తోముతూ ముక్కులోంచి పొగ వదులుతుంటే పక్క క్వార్టర్ బెంగాలీ పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారు. నాకు భలే గర్వంగా ఉండేది. ఊరి నుంచి ఎవరు రైలెక్కినా అత్తకు పొగాకు కట్ట తేవాల్సిందే. ఉద్యోగం వచ్చాక నేనూ తెచ్చాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

నాది ఊళ్ళు తిరిగి యంత్రాలు బిగించే ఉద్యోగం. ఎక్కడికెళ్ళినా అక్కడి వీధి తిండి తిని, వీడియో తీసి పెట్టే పిచ్చి ఒకటుంది. బ్యాంకాక్‌లో వేయించిన మిడతలు, మనీలాలో పిల్ల కట్టిన బాతుగుడ్డు, అన్నీ అయ్యాయి. ఇంటికొచ్చి చూపిస్తే అత్త కొంగు అడ్డం పెట్టుకునేది.

"ఓలమ్మా, పురుగులు తింతన్నావేట్రా!"

మావయ్య మాత్రం "పొరుగింటి పుల్లకూర రుచి వీడికి" అని ఎత్తిపొడిచేవాడు. ఆ మాట నిజమే. ఇంటి కూర సంగతి నేనెన్నడూ పట్టించుకోలేదు.

కిందటి చలికాలం సెలవుకి వెళ్ళినప్పుడు అత్త చేపల పులుసు పెట్టింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. "సముద్రం ఒంపేసినావేటే?" అన్నాడు మావయ్య. నేను ముద్ద పక్కకు నెట్టి పెరుగు వేసుకున్నాను. అత్త మాత్రం తన కంచంలో ఉన్నదంతా తినేసి లేచింది.

మర్నాడు తనే నా దగ్గరికొచ్చింది.

"బజార్లో ఎవరో దీదీ సీమల సట్నీ అమ్ముతందటరా. నాలిక సుర్రుమంతాదట. తీసికెళ్తావేటి?"

జన్మలో బజారు తిండి ముట్టని మనిషి! నాతో పాటు ఈవిడకూ సరదా పుట్టిందనుకుని ఆటో పిలిచాను.

బజారు చివర, గోనెపట్టా మీద, సాలవనాల వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. ముందు ఆకు పొట్లాల్లో ఎర్రచీమలు, తెల్లటి గుడ్లతో సహా కదులుతున్నాయి. వాటిని చిన్న రాతి మీద వేసి, పచ్చిమిరప, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరింది. "ఝాల్ దేబో, మాషీ?" అని కారం సంగతి అడిగితే, అత్త తనకొచ్చిన బెంగాలీలో ఇంకా కారం వెయ్యమంది. అది చాలదని మళ్ళీ వెయ్యమంది.

ముందు నేను తిన్నాను. నిమ్మకాయ పిండి కారం రాసినట్టు నాలుక భగ్గుమంది. నలగకుండా మిగిలిన చీమ ఒకటి నాలుక అంచున కుట్టింది. చెవులు మండిపోయి, కళ్ళ నీళ్ళతో మంచినీళ్ళ కోసం గంతులేశాను.

అత్త ఆకుదొన్నెలో సగం ఒకేసారి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది. కాసేపు అలాగే నిలబడింది. మిగతా సగం కూడా వేసుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎలాగుందత్తా?"

ఆమె ఏదో అనబోయి నోరు తెరిచి, నా వంక చూసి ఆగింది.

"శివుడాజ్ఞ నేనిదే సీమైనా కుట్టదురా" అని నవ్వింది.

అమ్మే ఆమెకు భాష తెలియకపోయినా నవ్వింది. నేనైతే పగలబడి నవ్వాను. "చూడండి, మా అత్తది ఇనప నోరు!" అని ఫోనులోకి అరిచాను. అత్త నా దొన్నె కూడా తీసుకుని, వేలితో అడుగంటా ఊడ్చి తింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నోరు మూసుకుని నాలుకతో అంగిలి తడుముకుంటూనే ఉంది. నేను వీడియో ఎంతమందికి నచ్చిందో చూసుకుంటున్నాను.

రెండు నెలలకు అంగిలి మీద పుండు పడిందని కబురొస్తే వెళ్ళాను. డాక్టరు టార్చి వేసి నన్నూ చూడమన్నాడు. అంగిలంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా బీటలు వారి ఉంది. మధ్యలో ఎర్రటి గుంట. క్యాన్సరన్నాడు. ఇన్నేళ్ళ నిప్పుకి కాలి కాలి రుచి ఎప్పుడో పోయుంటుందనీ, ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదా అనీ అడిగాడు. మావయ్య నేల చూశాడు. నాకు ఉప్పు పులుసు గుర్తొచ్చింది.

కలకత్తాలో ఆపరేషన్ చేసి అంగిలి సగం తీసేశారు. ఆ చోట ఒక ప్లేటు బిగించారు. అది తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. మాట ముక్కుతో వస్తుంది. చుట్ట మానేసింది. తిండి చోడంబలి, అంటే రాగి జావ, ఒక్కటే.

మొన్న వెళ్ళినప్పుడు నేను చెంచాతో అంబలి తాగిస్తుంటే అడిగింది.

"ఆ సీమల ఇడియో ఉందేట్రా? పెట్టు."

"ఇప్పుడెందుకత్తా?"

"పెట్టు."

పెట్టి ఫోను చేతికిచ్చాను. తనను తాను రెప్ప వేయకుండా చూసుకుంది. ఇనప నోరు అని నా గొంతు వినబడేసరికి భరించలేక ఆపబోయాను. చెయ్యి పట్టుకుంది.

"పులుసులో ఉప్పు తెలీడం మానేసి శానా నాళ్ళయిందిరా. మీ మావ తిడతంటే, కారవైనా తెలుస్తాదేటోనని రోజూ మెరపకాయ నవిలినాను. తెలీనేదు. సీమలైనా కుడతాయేటోనని నిన్ను తీసికెళ్ళమన్నాను."

"అప్పుడే చెప్పాల్సింది కదత్తా."

మూతి తుడుచుకుని, ఫోను నా చేతిలో పెట్టింది.

"సెప్దామనే నోరు తెరిసినాను. నువ్వు అంత బాగా నవ్వుతంటే ఊరుకున్నాను."