పట్టాలున్న వీధిలో ఎక్కించుకోకూడదు

ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా చాలా ఏళ్లు మోశాను. మోయడం ఎంత అలవాటైపోయిందంటే, దించితే నేనేమవుతానో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర ఎన్నిసార్లు మొదలుపెట్టినా, మధ్యలో చలి గురించి మాట్లాడి లేచి వచ్చేశాను.

నావల్ల ఒక మనిషి బతుకుదెరువు పోయింది. అతనికి ఆ సంగతి తెలియదు. తెలియకపోగా, తన కోసం నేను నిలబడ్డానని అనుకుంటున్నాడు.

నేనుండేది న్యూజెర్సీలో, నదికి ఇవతలి ఒడ్డున. అప్పట్లో మా వీధుల్లో ప్రైవేటు మినీబస్సులు బాగా తిరిగేవి. స్టాపుతో పనిలేదు, చెయ్యెత్తితే ఆగేవి. వాటిలో ఒకటి సాదిక్ భాయ్‌ది. హైదరాబాద్ మనిషి. బండి తనదే, డ్రైవరూ తనే. రోజూ అందులోనే ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. మొదటి రోజే "ఐటీనా సార్?" అన్నాడు. ఇక్కడ తెలుగువాడంటే ఐటీయే. నేను తలూపాను. నిజానికి నాది, రవాణా విషయాల్లో సిటీకి సలహాలిచ్చే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. మరి ఎందుకు తలూపాను? అది అబద్ధమని కూడా అనిపించలేదు. పొద్దున్నే అంత వివరణ ఎవరిస్తారు?

నా చదువు గురించి కూడా చెప్పాలి. తెల్లదొరల పాలనలో ఒక ఓడరేవు పట్టణంలో ట్రామ్ కంపెనీకీ బస్సులవాళ్లకీ నడిచిన పోటీ మీద పీహెచ్‌డీ చేశాను. నష్టపోతున్నామని ట్రామ్ కంపెనీ మొరపెట్టుకుంటే ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. పట్టాలున్న వీధిలో బస్సులు మనుషుల్ని దించవచ్చు, ఎక్కించుకోకూడదు. చూడ్డానికి చిన్న మాట. కానీ బయటి పేటల నుంచి జనాన్ని తెచ్చి దించిన బస్సు ఖాళీగా తిరిగి వెళ్లాలి. చిన్న యజమానులు ఒక్కొక్కరే బండ్లు అమ్ముకున్నారు. పోనీ జనం ట్రామ్ ఎక్కారా అంటే అదీ లేదు, నడిచిపోయారు. థీసిస్‌లో ఆ నిబంధనను ఉతికి ఆరేశాను. చదివినవాళ్లే లేరు. మా ఆవిడ కూడా అట్ట చూసి బాగుందని పక్కన పెట్టేసింది.

మా ఊళ్లోనూ ట్రామ్ ఉంది. లైట్ రైల్ అంటారు, నా దృష్టిలో ట్రామే. మినీబస్సుల వల్ల దానికి ప్రయాణికులు తగ్గుతున్నారనీ, బస్సుల్ని నిషేధించకుండా అదుపు చేసే దారి చెప్పమనీ సిటీవాళ్లు మా సంస్థని అడిగారు. మీటింగులో ఎవరికీ ఏమీ తోచలేదు. నా నోట్లోంచి ఆ పాత నిబంధన వచ్చేసింది. మా బాస్ పెన్ను తీసి రాసుకుంది. "బ్రిలియంట్" అంది. ఇది ఎక్కడైనా అమలు చేసి చూశారా అని అడిగింది. నాకు తెలిసి లేదన్నాను, నాకే తట్టిందన్నాను.

ఎంత సంతోషించానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అన్నేళ్ల నా చదువులోంచి ఒక ముక్కని ఎవరో రాసుకున్నారు. అది నేను తిట్టిపోసిన ముక్కేనని గుర్తు లేదా? ఉంది. గుర్తుండే చెప్పానా? ఇదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ప్రమోషన్ కోసం కాదు, ఎవరి మీదా కోపంతో కాదు. వాటిలో ఏదో ఒకటైతే, నన్ను నేను తిట్టుకోవడానికి కనీసం ఒక పేరైనా దొరికేది.

ప్రతిపాదన బయటికొచ్చింది. ఒక పొద్దున బండిలో నేనొక్కణ్ణే ఉన్నాను. సాదిక్ భాయ్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"సార్, రిటర్న్‌ల ఎవ్వర్నీ ఎక్కించుకోవద్దంట. గిట్లాంటి రూల్ ఎవడు పెట్టిండో ఏమో."

"తెలీదు భాయ్."

"సిటీ కౌన్సిల్ల హియరింగ్ ఉందంట. డ్రైవర్లందరు నన్నే మాట్లాడమంటున్నరు. మీరు చదువుకున్నోళ్లు. ఏం మాట్లాడాలె, జర చెప్పండి సార్."

ఏం మాట్లాడాలో నాకు బాగా తెలుసు. ఈ నిబంధన ఇంకో ఊళ్లో పెట్టి చూశారు, బస్సులూ పోయాయి, ట్రామూ నిండలేదు. ఆ మాట అంటే కౌన్సిల్‌వాళ్లు కాసేపైనా ఆగేవారు. అది ఏ ఊరని అడిగేవారు. అప్పుడు మా బాస్ నావైపు తిరిగేది.

"మీ కుటుంబం గురించి చెప్పండి భాయ్," అన్నాను. "పిల్లల చదువులు, బండి కోసం మీరు పడ్డ కష్టం. మనసుకి తగిలేలా చెప్పండి."

"అంతేనా సార్?"

"అంతే."

హియరింగ్‌కి నేను వెళ్లలేదు. ఆఫీసులో లైవ్‌లో చూశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేను చెప్పింది చెప్పినట్టే మాట్లాడాడు. పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. కౌన్సిల్‌వాళ్లు తలలూపారు, జాలిపడ్డారు, థ్యాంక్స్ చెప్పారు. ఆ తర్వాత నిబంధనకి ఓటేశారు. మరుసటి వేసవిలోగా అతను బండి అమ్మేశాడు. ఇప్పుడు ఎయిర్‌పోర్టుకి ఎవరిదో వ్యాన్ నడుపుతున్నాడు.

అసలు గందరగోళం ఇక్కడుంది. పొద్దుటిపూట మా ట్రామ్ ఇప్పుడు నిండుగానే వెళుతోంది. అంటే నిబంధన మంచిదేనా? నా థీసిస్సే తప్పా? ఆ ఒక్క మాట చెప్పి ఉన్నా అతను ఓడిపోయేవాడేమో, లేక ఇక్కడి జనం వేరు, కాలం వేరు కాబట్టి ఆ ఊరి కథ ఇక్కడ చెల్లేదే కాదేమో. ఈ ఏమోల్లో కొన్నేళ్లు హాయిగా దాక్కున్నాను. కానీ సాయం అడిగినవాడికి పనికిరాని మాట ఇచ్చాను, పనికొచ్చేది నా దగ్గర ఉంచుకున్నాను. అది తెలిసే చేశాను. ఇందులో ఏమో లేదు.

ఈమధ్య ఇండియన్ స్టోర్‌లో కనిపించాడు. పక్కనున్న భార్యకి నన్ను చూపించి, "గీ సారే. అందరు సప్పుడు చేయకుంట ఉంటే మన తరఫున నిలబడ్డది వీళ్లొక్కరే" అన్నాడు. ఆవిడ చేతిలోని సంచి కింద పెట్టి మరీ నాకు సలాం చేసింది. నేను కొత్తిమీర కట్ట పట్టుకుని నవ్వాను. నవ్వాను, అదీ నేనే.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. అతనికి చెబుతానా? తెలియదు. చెబితే అతనికి ఒరిగేదేమిటో, లేక బాగుపడేది నేనొక్కణ్ణేనా, అదీ తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు.

ఆ రూల్ పెట్టింది నేను, సాదిక్ భాయ్. దాన్ని ఆపగలిగే మాట మీకు చెప్పకుండా దాచుకున్నదీ నేనే. ఈ రెండు ముక్కలూ రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది.